రెండు విద్యల పాత్ర: డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లాసుల కలయిక, హౌస్ రూల్స్

బల్ల చుట్టూ కూర్చుని ఆడే కాల్పనిక సాహస ఆటల్లో ఒకే పాత్రకు రెండు మూడు క్లాసుల విద్యలు కలిపి ఇవ్వడాన్ని మల్టీక్లాసింగ్ అంటారు. ఈ ఆటల్లో మొట్టమొదటిది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కూర్పూ క్లాసుల కలయికకు కొత్త నియమం రాసింది. ఆ నియమాన్ని ఆడేవాళ్ళు తమ బల్ల దగ్గర తమకు నచ్చినట్టు దిద్దుకున్నారు. అలా దిద్దుకున్నవే హౌస్ రూల్స్. వాటిలో కొన్ని ఆ బల్ల దాటి బయటికి రాలేదు. కొన్ని మాత్రం తర్వాతి పుస్తకాల్లో అధికారిక నియమాలుగా అచ్చయ్యాయి.

ఆట తీరు తెలియనివారికి ఒక మాట. ఒకరు కథ నడుపుతారు. ఆయన్ని డంజియన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. పాత్రకు ఒక జాతి ఉంటుంది: మనిషి, ఎల్ఫ్, డ్వార్ఫ్, హాఫ్‌లింగ్ వగైరా. ఒక క్లాస్ ఉంటుంది: కత్తి పట్టే ఫైటర్, మంత్రం వేసే విజార్డ్, దైవబలంతో గాయాలు మాన్పే క్లెరిక్, తాళాలు తీసే థీఫ్. బలం, చురుకు, తెలివి వంటి గుణాలకు మూడు నుంచి పద్దెనిమిది దాకా అంకెలుంటాయి. సాహసాలు చేసేకొద్దీ అనుభవ పాయింట్లు పోగవుతాయి, అవి ఒక మేరకు చేరితే లెవెల్ పెరుగుతుంది. ఏదైనా పని ఫలిస్తుందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. అష్టాచమ్మాకు ఇంటికో నియమం ఉన్నట్టే ఈ ఆటకూ బల్లకో నియమం ఉంటుంది. కాకపోతే ఇక్కడ పుస్తకాలే ఆ స్వేచ్ఛను బాహాటంగా ఇచ్చాయి.

క్లాస్ అన్నది నిజానికి ఒక పని విభజన. నలుగురు కలిసి గుహలోకి దిగితే ఒకరు ముందు నిలబడాలి, ఒకరు వెనక నుంచి మంత్రం వేయాలి, ఒకరు గాయాలు చూడాలి, ఒకరు ఉచ్చులు కనిపెట్టాలి. అందుకే ఎవరి పని వారికే ఉండాలని ఆట కోరుతుంది. ఆడేవాళ్ళ మనసు మాత్రం అలా కోరదు. పరశురాముడి గురించీ, బ్రాహ్మణుడై పుట్టి విలువిద్యకు ఆచార్యుడైన ద్రోణుడి గురించీ వింటూ పెరిగిన మనకు ఆ కోరిక అర్థం కావడం కష్టం కాదు. శాస్త్రమూ శస్త్రమూ రెండూ తెలిసినవాడే కథల్లో ఎక్కువ ఆకర్షిస్తాడు. మరి ఒకరికి రెండు విద్యలిస్తే బదులుగా వారి దగ్గర ఏం తీసుకోవాలి? యాభై ఏళ్ళుగా మల్టీక్లాసింగ్ మీద వచ్చిన నియమాలన్నీ, హౌస్ రూల్స్ అన్నీ, ఈ ఒక్క ప్రశ్నకు ఇచ్చిన జవాబులే.

ఎల్ఫ్‌తో మొదలు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన 1974 నాటి తొలి ఆట ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా వచ్చింది. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. అందులో ఉన్నవి మూడే క్లాసులు: ఫైటింగ్ మ్యాన్ (తర్వాతి ఫైటర్), మ్యాజిక్ యూజర్ (తర్వాతి విజార్డ్), క్లెరిక్. ఈ మూడో క్లాసు పుట్టుకే ఒక హౌస్ రూల్. మిన్నెసోటాలో ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ ఆటలో సర్ ఫాంగ్ అనే రక్తపిశాచి పాత్ర అందరికీ కొరకరాని కొయ్య అయింది. దాన్ని నిలువరించడానికి మైక్ కార్ ఆడిన మతాధికారి పాత్రే క్లెరిక్‌కు మూలం. ఒక్క బల్ల దగ్గర తలెత్తిన ఇబ్బందికి వెతుక్కున్న ఉపాయం ప్రపంచమంతా ఆడే క్లాసు అయింది.

ఆ తొలి పుస్తకంలో రెండు విద్యలు ఎల్ఫ్‌కు మాత్రమే దక్కాయి. ఎల్ఫ్ ఒక సాహసంలో ఫైటింగ్ మ్యాన్‌గా, మరో సాహసంలో మ్యాజిక్ యూజర్‌గా ఉండవచ్చు. ఒకే ఆట మధ్యలో మాత్రం మారకూడదు. మంత్ర కవచం తొడుక్కుని కూడా మంత్రం వేయవచ్చు. ఇందుకు వెల లెవెల్ పరిమితి రూపంలో కట్టాలి: ఫైటింగ్ మ్యాన్‌గా 4వ లెవెల్, మ్యాజిక్ యూజర్‌గా 8వ లెవెల్ దాటి ఎదగలేదు. మనుషులు క్లాసు మారడం మంచిది కాదని చెబుతూనే ఒక దారి వదిలారు. మారబోయే క్లాసుకు ముఖ్యమైన గుణం పాచికల్లోనే 16 లేదా అంతకు మించి పడి ఉండాలి. మ్యాజిక్ యూజర్ క్లెరిక్ కావడం, క్లెరిక్ మ్యాజిక్ యూజర్ కావడం కుదరదు.

నియమం ఇంత పొట్టిగా ఉండటంతో ఒక్కొక్కరు ఒక్కోలా చదువుకున్నారు. సాహసానికి ఒక క్లాసు అంటే అనుభవం ఏ ఖాతాలోకి వెళ్ళాలి? గాయాలు తట్టుకునే హిట్ పాయింట్లు దేని ప్రకారం లెక్కించాలి? జవాబు పుస్తకంలో లేదు. బల్లకొక జవాబు పుట్టింది. 1975లో గైగాక్స్, రాబ్ కుంట్జ్ రాసిన గ్రేహాక్ అనుబంధం ఈ గందరగోళాన్ని కొంత సర్దింది. థీఫ్ క్లాసు అధికారికంగా చేరింది అందులోనే. ఆ థీఫ్ కూడా గైగాక్స్ సొంత ఊహ కాదు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఏరో హాబీస్ అనే దుకాణంలో ఆడేవారి నుంచి ఫోన్లో విన్న ఆలోచన అది. ఆ తర్వాత డ్వార్ఫ్, హాఫ్‌లింగ్ వంటి జాతులకు థీఫ్‌తో కలిపిన జోడీలు ఏర్పడ్డాయి. సంపాదించిన అనుభవాన్ని క్లాసులన్నిటికీ సమానంగా పంచాలన్న సూత్రం స్థిరపడింది.

ఆ సూత్రంలో ఒక కఠినమైన కొస ఉంది. ఒక క్లాసులో పై పరిమితి చేరి ఇక ఎదగలేకపోయినా, దాని వాటా అనుభవం దానికే పోతుంది, అంటే వృథా అవుతుంది. చాలా బల్లల దగ్గర మొదట ఎత్తేసిన నియమం ఇదే. మిగిలిన వాటాను ఎదగగలిగే క్లాసుకు మళ్ళించడం ఆ కాలపు హౌస్ రూల్స్‌లో అతి సహజమైనది, నా దృష్టిలో అతి న్యాయమైనది కూడా. పరిమితి దానికదే ఒక వెల. దానిమీద మళ్ళీ సుంకం వేయడానికి కారణం కనపడదు.

ఈ తొలి రోజుల మల్టీక్లాస్ పాత్రల్లో ఒకటి ఇప్పటికీ పుస్తకంలో పేరుగా నిలిచి ఉంది. గైగాక్స్ కొడుకు ల్యూక్ ఆడిన ఫైటర్, మ్యాజిక్ యూజర్ జోడీ పాత్రకు పేరు లేక, కాగితం మీద మగ అని సూచించే ఎమ్ అక్షరం, పక్కన ఎల్ఫ్ అని ఉంటే రెండూ కలిపి మెల్ఫ్ అన్నారు. మెల్ఫ్స్ యాసిడ్ యారో అన్న మంత్రం ఆ పాత్ర పేరిటే వచ్చింది.

ఇదే కాలంలో హౌస్ రూల్స్ ఊళ్ళు దాటి ప్రయాణించడం మొదలైంది. 1975 జూన్ నుంచి లాస్ ఏంజెలిస్‌లో లీ గోల్డ్ కూర్చిన అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్ పత్రికలో ఆడేవాళ్ళు తమ బల్లల నియమాలు రాసి పంపుకుని వాదించుకునేవారు. కాల్టెక్ విద్యార్థులు తమ సవరణలను వార్‌లాక్ పేరుతో ప్రకటించారు. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డేవ్ హార్‌గ్రేవ్ తన బల్ల నియమాలను 1977లో ఆర్డూయిన్ గ్రిమోర్ అన్న పుస్తకంగానే అమ్మాడు. అదే ప్రాంతంలో నియమ సవరణలతో పేరు తెచ్చుకున్న స్టీవ్ పెరిన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. 1978లో వచ్చిన రూన్‌క్వెస్ట్‌లో క్లాసులనే తీసేశాడు. ఎవరైనా ఏ నైపుణ్యమైనా నేర్చుకోవచ్చు. క్లాసులే లేని చోట కలయిక అన్న సమస్యే రాదు. అదీ ఒక జవాబే.

పంచుకోవడమా, వదులుకోవడమా

1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ రెండు వేర్వేరు దారులు వేసింది. మనుషులు కాని జాతులది మల్టీక్లాస్ దారి: మొదటి రోజు నుంచే రెండు మూడు క్లాసులు పక్కపక్కన నడుస్తాయి, అనుభవం సమానంగా పంచుకుంటాయి. మనుషులది డ్యూయల్ క్లాస్ దారి: ఒక క్లాసును పూర్తిగా వదిలి రెండోది మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. పాత క్లాసు ముఖ్య గుణం 15, కొత్త క్లాసుది 17 ఉండాలి. కొత్త విద్యలో లెవెల్ పాతదాన్ని మించేదాకా పాత విద్య వాడితే ఆ సాహసంలో అనుభవం దక్కదు. మించిన తర్వాత రెండూ కలిపి వాడుకోవచ్చు.

ఈ డ్యూయల్ క్లాస్ నియమం విశ్వామిత్రుడి కథకు నియమరూపమా అనిపిస్తుంది. క్షత్రియుడు ఆయుధాలు వదిలి తపస్సు మొదలుపెడతాడు. పాత స్వభావం పొడుచుకొచ్చి కోపించినప్పుడల్లా కూడబెట్టిన తపఃఫలం పోతుంది. ఎన్నోసార్లు మొదటికి వచ్చాక బ్రహ్మర్షి అవుతాడు. గైగాక్స్‌కు ఈ కథ తెలిసి రాశాడని కాదు. ఒక విద్యను నిజంగా విడిస్తేనే మరొకటి వస్తుందన్న నమ్మకం రెండు చోట్లా ఉంది. ఆడటానికి కష్టమే కానీ, క్లాసుల కలయికను కథగా మార్చిన నియమం ఇంతకంటే మరొకటి రాలేదని నా అభిప్రాయం.

మల్టీక్లాస్ దారిలో వెల పైకి కనిపించేంత పెద్దది కాదు. అందుకు కారణం లెవెల్ పట్టికల్లో ఉంది. డేవిడ్ జెబ్ కుక్ రూపొందించిన 1989 నాటి రెండో కూర్పు పట్టిక తీసుకుందాం. ఫైటర్‌కు 2వ లెవెల్‌కు 2,000 పాయింట్లు, 3కు 4,000, 4కు 8,000, 5కు 16,000, 6కు 32,000, 7కు 64,000 కావాలి. ప్రతి మెట్టూ ముందుదానికి రెట్టింపు. 64,000 పాయింట్లు సంపాదించిన ఒంటి క్లాసు ఫైటర్ 7వ లెవెల్‌లో ఉంటాడు. అంతే సంపాదించిన ఎల్ఫ్ ఫైటర్, విజార్డ్ జోడీ చెరో 32,000 పంచుకుని ఫైటర్‌గా 6, విజార్డ్‌గా 5 లెవెల్‌లో ఉంటుంది. ఒకవైపు ఒక్క లెవెల్ వెనకబడి, రెండోవైపు అయిదు లెవెళ్ళ మంత్రవిద్య అదనంగా పొందినట్టు. ఈ లెక్క తెలిస్తే ఎల్ఫ్‌ను ఒంటి క్లాసుతో ఆడటానికి కారణం కనపడదు. సుమారు 9, 10 లెవెళ్ళు దాటాక రెట్టింపు ఆగిపోతుంది, ప్రతి మెట్టుకూ ఒకే పెద్ద మొత్తం కావాలి. అప్పుడు పంపకం నిజంగా బరువెక్కుతుంది. కానీ చాలా ఆటలు అంతదాకా సాగేవే కావు.

అందుకే ఆ కాలపు ఆటలో అసలైన తూకపురాయి లెవెల్ పరిమితి. డ్వార్ఫ్, ఎల్ఫ్ జాతులకు ఒక హద్దు, మనుషులకు హద్దు లేదు. లోకంలో మనుషులదే పైచేయి కావాలన్నది గైగాక్స్ ఉద్దేశం. హద్దు అన్నది ఆట చివరి అంకంలో ఎదురయ్యే వెల కాబట్టి, ఆరంభంలో జోడీ పాత్ర ఉచితంగా దొరికినట్టే ఉంటుంది, చివర్లో ఉక్కిరిబిక్కిరి అవుతుంది. బల్లల దగ్గర ఈ పరిమితిని ఎత్తేసిన వాళ్ళు ఎందరో. ఎత్తేస్తే మనిషిని ఎంచుకోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కొందరు మనుషులకూ మల్టీక్లాస్ ఇచ్చారు, కొందరు మనుషులకు అనుభవంలో కొంత ఎక్కువ కలిపారు. 1985 నాటి అనర్త్‌డ్ ఆర్కానా పుస్తకం పరిమితులను కొంత పైకి జరిపింది. రెండో కూర్పు డంజియన్ మాస్టర్ గైడ్ హద్దు దాటాక కూడా రెట్టింపు, అంతకు మించిన అనుభవం కట్టి నెమ్మదిగా ఎదిగే వీలును ఐచ్ఛికంగా చేర్చింది. బల్లల ఒత్తిడికి పుస్తకం ఒక్కో మెట్టు దిగుతూ వచ్చిందని ఈ క్రమం చూస్తే తెలుస్తుంది.

ఈ రెండు దారులూ కాని మూడో దారి ఒకటుంది: రెండు విద్యలు కలిపి కొత్త క్లాసు తయారుచేయడం. ఫైటర్‌లో క్లెరిక్ ఛాయ కలిపితే 1975లో పాలడిన్ వచ్చింది. 1976లో డగ్ ష్వెగ్‌మన్ వ్యాసంగా రాసిన బార్డ్ పాటగాడు, యోధుడు, దొంగ, మాంత్రికుడు అన్నీ. 1978 పుస్తకం ఆ బార్డ్‌ను అనుబంధంలో పెట్టి విచిత్రమైన మెట్లు కట్టింది. ముందు ఫైటర్‌గా కనీసం 5 లెవెళ్ళు, 8వది రాకముందే థీఫ్‌గా మారాలి, థీఫ్‌గానూ కనీసం 5, 9వది రాకముందే ప్రకృతిని కొలిచే పూజారులైన డ్రూయిడ్‌ల శిష్యరికంలో చేరాలి. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పెట్టె మరింత సూటిగా ఎల్ఫ్ అన్నదాన్నే క్లాసు చేసేసింది. ఎల్ఫ్ కత్తీ పడుతుంది, మంత్రమూ వేస్తుంది. 2వ లెవెల్‌కు ఫైటర్‌కు 2,000, మ్యాజిక్ యూజర్‌కు 2,500 కావలసిన చోట ఎల్ఫ్‌కు 4,000 కావాలి. రెండు విద్యల వెల ఎంతో ఒక్క అంకెలో రాసి ఉంది. కొత్తగా ఆట నేర్పేవారికి ఇంత తేటైన పద్ధతి ఇంకొకటి లేదు.

గోడలు కూలిన ఏడాది

ప్రచురణ సంస్థ టీఎస్ఆర్ 1997లో వాషింగ్టన్ రాష్ట్రానికి చెందిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ చేతికి వెళ్ళింది. 2000లో మాంటీ కుక్, జొనాథన్ ట్వీట్, స్కిప్ విలియమ్స్ రూపొందించిన మూడో కూర్పు వచ్చింది. జాతి పరిమితులు పోయాయి. మనిషికో దారి, ఎల్ఫ్‌కో దారి అన్న భేదం పోయింది. అన్ని క్లాసులకూ ఒకటే అనుభవ పట్టిక. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఏ క్లాసులో మెట్టు ఎక్కాలో ఆటగాడే నిర్ణయించుకుంటాడు. 6వ లెవెల్ పాత్ర ఫైటర్ 4, రోగ్ (థీఫ్‌కు కొత్త పేరు) 2 కావచ్చు.

అందమైన సూత్రమే, కానీ వెంటనే రెండు వ్యాధులు బయటపడ్డాయి. మొదటిది మంత్రం వేసేవారిది. విజార్డ్ 5, క్లెరిక్ 5 అయిన 10వ లెవెల్ పాత్రకు రెండువైపులా మూడో స్థాయి మంత్రాలే ఉంటాయి. ఒంటి క్లాసు 10వ లెవెల్ విజార్డ్‌కు ఐదో స్థాయి మంత్రాలుంటాయి. శత్రువులు మాత్రం 10వ లెవెల్‌కు తగ్గవాళ్ళే వస్తారు. పాత పట్టికలో ఒక లెవెల్ నష్టంతో తీరిపోయిన జోడీ, ఇక్కడ సగానికి సగం కోల్పోయింది.

రెండో వ్యాధి దీనికి తలకిందులు. క్లాసుల్లో మొదటి లెవెల్‌కే మంచివన్నీ పోగుచేసి ఉండటంతో ఒక్కొక్క క్లాసులో ఒక్క మెట్టు మాత్రం రుచి చూసి వదిలేసే అలవాటు వచ్చింది. దాన్ని డిప్ అంటారు. విషం, మంత్రం వంటివి తట్టుకునే రక్షణ అంకె బలంగా ఉన్న క్లాసు మొదటి లెవెల్‌కే దానికి +2 ఇస్తుంది. ఫైటర్, బార్బేరియన్, రేంజర్, క్లెరిక్ ఒక్కో లెవెల్ తీసుకున్న 4వ లెవెల్ పాత్రకు శరీర దారుఢ్య రక్షణ +8 అవుతుంది. నాలుగు లెవెళ్ళూ ఫైటర్‌గా ఉన్నవాడికి +4. దాడి లెక్కలో ఇదే కూడిక ఎదురు తన్నుతుంది. విజార్డ్, రోగ్, క్లెరిక్ ఒక్కో లెవెల్ తీసుకుంటే మూడిటా సున్నాయే. నేరుగా రోగ్ 3 అయితే +2. అంకెలను లెవెల్‌కో పూర్ణసంఖ్యగా దించి కలపడం వల్ల వచ్చిన లోపం ఇది.

డిప్‌లను అదుపు చేయడానికి పుస్తకం పెట్టిన శిక్ష ఫేవర్డ్ క్లాస్. ప్రతి జాతికీ ఒక ఇష్టమైన క్లాసు ఉంటుంది. అది కాక మిగిలిన క్లాసుల లెవెళ్ళు ఒకదానికొకటి ఒకటికి మించి తేడాగా ఉంటే అనుభవంలో 20 శాతం కోత. లెక్క చూసుకోవడం విసుగు, ఫలితం చూస్తే డిప్ చేసేవాడు ఎలాగో తప్పించుకుంటాడు, కథ కోసం క్లాసు మారినవాడు దొరికిపోతాడు. కాబట్టి ఈ కోతను పక్కన పెట్టిన బల్లలు చాలా. పాలడిన్, మాంక్ ఇంకో క్లాసు పడితే తిరిగి తమ క్లాసులోకి రాలేరన్న నిషేధానికీ అదే గతి పట్టింది. 2009లో జేసన్ బల్మాన్ రూపకల్పనలో పైజో సంస్థ వెలువరించిన, ఈ మూడో కూర్పు నుంచే పుట్టిన పాత్‌ఫైండర్ ఆట, శిక్షను తలకిందులు చేసి బహుమతిగా మార్చింది: ఇష్టమైన క్లాసులో లెవెల్ ఎక్కినప్పుడల్లా ఒక హిట్ పాయింట్ గానీ ఒక నైపుణ్య పాయింట్ గానీ అదనం. ఉన్నచోటే ఉండమని భయపెట్టడం కంటే ఉంటే మేలని చూపడం ఎంత బాగా పనిచేస్తుందో ఆ ఒక్క మార్పు చూపించింది.

మంత్రాల వ్యాధికి 2003 నాటి సవరించిన కూర్పు, అంటే 3.5, కొన్ని షరతులు తీరాకే చేరగల ప్రెస్టీజ్ క్లాసులతో మందు వేసింది. విజార్డ్, క్లెరిక్ జోడీకి మిస్టిక్ థీయర్జ్, కత్తీ మంత్రమూ కలిపేవారికి ఎల్‌డ్రిచ్ నైట్, దొంగ మాంత్రికుడికి ఆర్కేన్ ట్రిక్‌స్టర్. పాత గోడ కూలాక దాని మీద వంతెన కట్టినట్టయింది గానీ, వంతెన దాకా చేరే తొలి లెవెళ్ళ బాధ అలాగే ఉండిపోయింది.

అచ్చులోకి ఎక్కిన హౌస్ రూల్స్

ఈ అంశంలో ఎక్కువ ఆసక్తికరమైన పుస్తకం 2004 నాటి అనర్త్‌డ్ ఆర్కానా. 1985 పుస్తకం పేరే, లోపల సరుకు వేరు. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే వదిలేయండి అంటూ పుస్తకం నిండా ప్రత్యామ్నాయ నియమాలే. దాడి, రక్షణ అంకెలను భిన్నాలుగానే ఉంచి చివర్లో కలిపే పద్ధతి అందులో ఉంది. పై విజార్డ్, రోగ్, క్లెరిక్ ఉదాహరణలో అర, ముప్పావు, ముప్పావు కలిపితే రెండు, లోపం మాయం. మొదటి లెవెల్‌కు వచ్చే +2 రక్షణను ఒక్కసారే ఇవ్వాలన్న సవరణ చాలా బల్లలు దానికి తోడు చేసుకున్నాయి. 2015లో వచ్చిన పాత్‌ఫైండర్ అన్‌చెయిన్డ్ ఆ మాటనే స్పష్టంగా అచ్చులో పెట్టింది.

2004 నాటి అనర్త్‌డ్ ఆర్కానాలోనే ఉన్న గెస్టాల్ట్ పద్ధతి ఇంకా సాహసోపేతమైనది. ప్రతి లెవెల్‌కూ రెండు క్లాసులు ఒకేసారి ఎంచుకుని, హిట్ పాయింట్ల పాచిక, దాడి, రక్షణ దేనికది రెండిటిలో మెరుగైనది తీసుకోవాలి, విద్యలు మాత్రం రెండిటివీ తీసుకోవాలి. వెల ఏమీ లేదు. అందరూ గెస్టాల్టే కాబట్టి ఒకరికొకరితో పోలికలో తేడా రాదు. జోడీ కోసమే పుట్టిన మిస్టిక్ థీయర్జ్ వంటి ప్రెస్టీజ్ క్లాసులను మాత్రం ఇందులో ఒప్పుకోవద్దని పుస్తకమే హెచ్చరించింది. ఇద్దరు ముగ్గురే ఆడే బల్లకు ఇది వరం. క్లెరిక్ లేక, థీఫ్ లేక ఇబ్బంది పడే చిన్న బృందానికి పని విభజన తాలూకు ఖాళీలు నిండుతాయి. కొత్త బల్లకు ఒకే ఒక్క హౌస్ రూల్ సూచించమంటే, ముగ్గురికి మించని బృందమైతే, నేను గెస్టాల్టే చెబుతాను. అయిదుగురు కూర్చున్న చోట మాత్రం అందరూ అన్నీ చేయగలగడంతో ఎవరి ప్రత్యేకత వారికి మిగలదు.

2008 నాటి నాలుగో కూర్పు వెనక్కి మళ్ళింది. ఫీట్ అనే చిన్న సామర్థ్యం ఖర్చుపెట్టి ఇంకో క్లాసు రుచి చూడటం వరకే అనుమతించింది. 2010లో రెండు క్లాసులను సగం సగం కలిపే హైబ్రిడ్ పద్ధతి చేర్చినా అది ఎక్కువగా నిలబడలేదు. ఆ ఫీట్ ఆలోచనను 2019 నాటి పాత్‌ఫైండర్ రెండో కూర్పు మెరుగుపరిచింది. 2వ లెవెల్ నుంచి ఒక డెడికేషన్ ఫీట్‌తో ఇంకో విద్యలో అడుగుపెట్టవచ్చు, అందులోవే మరో రెండు ఫీట్లు తీసుకున్నాకే మూడో విద్య జోలికి పోవాలి. డిప్‌కు ఇంత చక్కటి కట్టడి మరొకటి కనిపించదు. 2020లో పైజో ప్రకటించిన ఫ్రీ ఆర్కిటైప్ పద్ధతిలో ప్రతి సరి లెవెల్‌కూ ఈ రకం ఫీట్ ఒకటి అదనంగా ఇస్తారు. అచ్చయిన ఐచ్ఛిక నియమాల్లో బల్లలు ఇంతగా ఆదరించినవి అరుదు.

ఐదో కూర్పు, ఇప్పటి బల్లలు

2014 నాటి ఐదో కూర్పు మల్టీక్లాసింగ్‌ను ఐచ్ఛికం అని రాసింది, నిర్ణయం డంజియన్ మాస్టర్‌ది. ఉన్న క్లాసుకూ, కొత్త క్లాసుకూ ముఖ్య గుణం 13 ఉండాలి. నైపుణ్య బోనస్ మొత్తం లెవెల్‌ను బట్టి పెరుగుతుంది. మంత్రాలు వేసే క్లాసుల్లో దాదాపు అన్నిటికీ ఉమ్మడి పట్టిక ఒకటి కట్టారు. విజార్డ్ 5, క్లెరిక్ 5 పాత్రకు ఇప్పుడు 10వ లెవెల్ మాంత్రికుడి శక్తి ఉంటుంది, తెలిసిన మంత్రాలు మాత్రం మూడో స్థాయివే. చిన్న మంత్రాన్ని పెద్ద శక్తితో వేసుకోవచ్చు. 2000 నాటి వ్యాధికి ఇది సగం మందు, సగమైనా పనిచేసే మందు.

డిప్ మాత్రం పోలేదు. 2017 నాటి జనతార్స్ గైడ్ టు ఎవ్రీథింగ్‌లో వచ్చిన హెక్స్‌బ్లేడ్, అంటే ఏదో శక్తితో ఒప్పందం చేసుకుని మంత్రం వేసే వార్లాక్ క్లాసులో ఒక ఉపశాఖ, మొదటి లెవెల్‌కే కరిష్మా (ఆకర్షణ) అనే గుణంతో కత్తి తిప్పే వీలిచ్చింది. కరిష్మా మీదే నడిచే పాలడిన్లు వరసకట్టి ఒక లెవెల్ వార్లాక్ తీసుకున్నారు. వార్లాక్, మరో మాంత్రిక క్లాసైన సోర్సరర్ జోడీలో నిద్రపోకుండా మంత్రశక్తి పోగుచేసే కిటుకుకు కాఫీలాక్ అని పేరు. వార్లాక్ శక్తి కొద్దిపాటి విశ్రాంతితోనే తిరిగి వస్తుంది, దాన్ని సోర్సరర్ పాయింట్లుగా, వాటిని మళ్ళీ మంత్రశక్తిగా మార్చి దాచుకుంటారు. దీనికి బల్లల దగ్గర నిషేధం ఒక మార్గం. నిద్ర లేకపోతే అలసట వచ్చి తీరాలన్న నియమం మెరుగైన మార్గం. ఆ నియమం జనతార్స్ గైడ్‌లోనే ఐచ్ఛికంగా ఉంది. కిటుకును నేరుగా కొట్టేయకుండా లోకసహజమైన పరిణామంతో ఆపుతుంది కాబట్టి ఆటగాడికి కోపం రాదు.

ఈ కూర్పులో హౌస్ రూల్‌కు ఎక్కువ అర్హమైన చోటు ఇంకొకటి ఉంది. గుణాలు పెంచుకునే అవకాశం, లేదా దానికి బదులు ఫీట్, ప్రతి క్లాసులోనూ 4వ లెవెల్‌కు వస్తుంది. ఇక్కడ లెక్కించేది క్లాసు లెవెల్, మొత్తం లెవెల్ కాదు. ఫైటర్ 3, రోగ్ 3 అయిన పాత్రకు ఆరు లెవెళ్ళయినా ఆ అవకాశం ఒక్కటీ ఉండదు, పక్కనున్న ఫైటర్ 6కు అప్పటికే రెండుంటాయి. దీన్ని మొత్తం లెవెల్‌కు కట్టే బల్లలున్నాయి. కొత్తవాళ్ళు తెలియక ఇరుక్కునే గుంటను పూడ్చే సవరణ కాబట్టి అది మంచిదే. అలా ఇచ్చినప్పుడు డిప్ మీద ఇంకో కట్టడి ఉండాలి, లేకపోతే వెల పూర్తిగా మాయమవుతుంది. రెండు క్లాసులకు మించకూడదనో, ఒక క్లాసులో మూడు మెట్లు ఎక్కాకే మరొకటి అనో పెట్టుకునే నియమాలు అందుకు సరిపోతాయి.

13 ఉండాలన్న షరతును ఎత్తేయడం మరో తరహా. దానివల్ల ఆట కూలిపోయిందేమీ లేదు, ఎందుకంటే గుణం తక్కువైతే ఆ విద్య ఎలాగూ సరిగా పండదు. ఇక కథలో కారణం కావాలని అడిగే డంజియన్ మాస్టర్లది పాత సంప్రదాయం. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్ లెవెల్ పెరగడానికే గురువు, శిక్షణ, ఖర్చు అడిగేది. లెవెల్‌కు వారానికి 1,500 బంగారు నాణేల లెక్క. ఈనాటి బల్లలు నాణేలు అడగవు. వార్లాక్ కావాలంటే ఏ శక్తితో ఒప్పందం చేసుకున్నావో రెండు మూడు ఆటల ముందే కథలో తేవాలంటాయి. ఒక్క షరతు తప్పదు: ఏ సవరణైనా పాత్రలు తయారు కాకముందే చెప్పాలి. ఆరు నెలల కింద ఆటగాడు మనసులో వేసుకున్న దారిని సగంలో మూసేయడం కంటే పెద్ద అన్యాయం ఈ ఆటలో లేదు.

లెవెళ్ళను అనుభవ పాయింట్లతో కాక కథ మైలురాళ్ళతో పెంచే అలవాటు ఇప్పుడు బాగా ఉంది. అది పాత మల్టీక్లాస్ వెలను పూర్తిగా చెరిపేసింది. పంచుకోవడానికి పాయింట్లే లేవు. అందుకే ఈనాటి వెలలన్నీ ఆలస్యం రూపంలోనే ఉంటాయి. ఫైటర్‌కు 5వ లెవెల్‌లో వచ్చే రెండో దాడి, విజార్డ్‌కు 5లో వచ్చే మూడో స్థాయి మంత్రం, డిప్ చేసినన్ని లెవెళ్ళు వెనక్కి జరుగుతాయి. ఆ రెండో దాడిని రెండు క్లాసుల నుంచి తెచ్చుకున్నా కలిసి మూడు కావని పుస్తకం స్పష్టంగా చెప్పింది.

ఎవరితోనైనా ఆడేలా అందరికీ ఒకే నియమం కావలసిన చోట హౌస్ రూల్స్‌కు తావు లేదు. అడ్వెంచరర్స్ లీగ్ అనే వ్యవస్థీకృత ఆటలో కొన్నాళ్ళు ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌తో పాటు ఇంకొక్క పుస్తకమే వాడాలన్న నిబంధన ఉండేది. క్లాసుల కలయిక గురించి ఒక్క మాట అనకుండానే, వేర్వేరు పుస్తకాల నుంచి ఏరుకొచ్చే విపరీత జోడీలను అది అడ్డుకుంది.

2024లో వచ్చిన కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అన్ని క్లాసులకూ హెక్స్‌బ్లేడ్ వంటి ఉపశాఖను 3వ లెవెల్‌కు జరిపింది. ఒక్క లెవెల్ డిప్‌తో హెక్స్‌బ్లేడ్ దొరకదు. ఫైటర్ రెండో లెవెల్‌లో వచ్చే, ఒక చర్య అదనంగా ఇచ్చే యాక్షన్ సర్జ్‌తో అదనపు మంత్రం వేసే వీలూ పోయింది. అయితే కరిష్మాతో కత్తి తిప్పించే ఒప్పందాన్ని వార్లాక్ మొదటి లెవెల్‌లోనే ఎంచుకునేలా మళ్ళీ ఉంచింది. పాలడిన్లు ఆ ఒక్క మెట్టు ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నారు. 2023లో బెల్జియం సంస్థ లారియన్ తీసుకొచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటలోనైతే 13 షరతే లేదు, నచ్చకపోతే వంద నాణేలు కట్టి క్లాసులన్నీ మళ్ళీ మొదటినుంచి ఎంచుకోవచ్చు. ఆ ఆటతో అలవాటుపడి కాగితం మీది ఆటకు వచ్చేవాళ్ళు ఆ రెండు సదుపాయాలనూ బల్ల దగ్గర అడుగుతున్నారు. ఇవ్వాలా వద్దా అన్నది ఎప్పట్లాగే ఆ బల్ల తేల్చుకోవలసిన సంగతి.